పాలు కట్టిన రొమ్ము, పని ఆగని ఇల్లు: ఒక కేస్ స్టడీ

పాలిచ్చే తల్లులకు రొమ్ము వాపు (మాస్టైటిస్) రావడం మామూలే. కుటుంబ వైద్యంలో ఉన్నవాళ్లందరికీ పరిచయమైన సమస్యే. ఈ ఒక్క కేసును విడిగా రాసి పెట్టడానికి కారణం ఉంది. మందులు లేకుండా తగ్గించుకోవాలని ఆ తల్లి ఇంట్లో చేసుకున్నవన్నీ ఎంతో శ్రద్ధగా చేసినవి, వాటిలో చాలావరకు వాపును పెంచినవి. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను, చికిత్స నడిచిన క్రమాన్ని మార్చలేదు.

నేపథ్యం

ముప్పై దాటిన గృహిణి. మూడేళ్ల పెద్దబిడ్డ, పది వారాల చంటిబిడ్డ. భర్త షిఫ్టుల్లో పనిచేస్తారు. అత్తగారు వాళ్లతోనే ఉంటారు కానీ మోకాళ్ల నొప్పుల వల్ల బిడ్డను ఎత్తుకుని తిరగలేరు. వంట, బట్టలు, పెద్దబిడ్డ అల్లరి, చంటిబిడ్డ పాలు అన్నీ ఈమె మీదే.

చంటిబిడ్డకు తల్లిపాలే. బరువు చక్కగా పెరుగుతోంది. అయినా ఆరో వారం నుంచి ఆమె బిడ్డ తాగిన ప్రతిసారీ మిగిలిన పాలను పంపుతో తీసి డీప్ ఫ్రిజ్‌లో దాచడం మొదలుపెట్టారు. తనకు ఒంట్లో బాగాలేని రోజు వస్తే ఇంకెవరైనా బిడ్డకు పాలు పట్టగలగాలన్నది ఆలోచన. పాలు తగ్గిపోతాయేమోనన్న భయంతో, పాలు పెరగడానికి వాడే ఒక మూలికల పొడి కూడా తీసుకుంటున్నారు.

మందులంటే ఆమెకు పడదు. మొదటి కాన్పు తరువాత వాడిన యాంటీబయాటిక్‌తో కడుపు చెడి చాలాకాలం బాధపడ్డారట. ఈ సంగతి అడిగితేనే బయటికి వచ్చింది. ‘సహజంగా తగ్గించుకుంటాను’ అనే తల్లిని మొండి మనిషి అనుకోవడం తేలిక. ఆ మాట వెనుక ఏం జరిగిందో అడగకుండా చీటీ రాస్తే, ఆ చీటీ మందుల దుకాణం దాకా వెళ్లదు.

వచ్చిన సమస్య

ముందురోజు సాయంత్రం కుడి రొమ్ము పైభాగంలో, చంక వైపుగా, నొప్పి మొదలైంది. రాత్రికి చలి, ఒళ్లు నొప్పులు, జ్వరం. నా దగ్గరికి వచ్చేసరికి సుమారు 18 గంటలు గడిచాయి. జ్వరం 101.5 డిగ్రీల ఫారన్‌హీట్, నాడి 102, రక్తపోటు 112/70. మనిషి నీరసంగా ఉన్నా తేటగా మాట్లాడుతున్నారు, నీళ్లు తాగుతున్నారు, వాంతులు లేవు.

రొమ్ములో ఒక పాయ లాంటి భాగం గట్టిపడి, వేడిగా, తాకితే ఓర్చుకోలేనంత నొప్పిగా ఉంది. చనుమొన మీద పగుళ్లు లేవు. చామనఛాయ చర్మం మీద ఎరుపు సరిగా కనబడదు. అందుకే అరచేతి వెనుక భాగంతో రెండు రొమ్ముల వేడిని పోల్చి చూస్తాను, చర్మం నిగనిగలాడుతూ బిగిసిందేమో గమనిస్తాను. వేడి తెలుస్తున్నంత మేర పెన్నుతో గీత గీశాను. మర్నాడు వాపు పెరిగిందా తగ్గిందా అని ఊహించే పని లేకుండా ఆ గీతే చెబుతుంది.

ఇంకొకటి కూడా కనిపించింది. గట్టిపడిన చోట చిన్న చిన్న కమిలిన మచ్చలు. అడిగితే, గడ్డ కరగాలని దువ్వెన వెనుక భాగంతో గట్టిగా రుద్దానని చెప్పారు.

ఇంట్లో అప్పటికే చేసినవి

రాత్రంతా ఆమె చేసిన పనులు ఇవి: గంటకోసారి వేడినీటి కాపడం, దువ్వెనతో మర్దన, బిడ్డ తాగాక మళ్లీ పంపు, పంపు తరువాత చేత్తో పిండడం. ‘లోపల చుక్క మిగలకూడదు’ అని ఎవరో చెప్పారట. ఆ మాట చెప్పినవాళ్లను తప్పుపట్టలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో మాస్టైటిస్ మీద ప్రచురించిన సమీక్ష కూడా పాలను బాగా తీసివేయడమే చికిత్సలో ముఖ్యమని చెప్పింది. మా తరం వైద్యులు, నర్సులు అదే నేర్చుకున్నారు, అదే నేర్పారు.

తల్లిపాల వైద్యంలో పనిచేసే వైద్యుల సంస్థ అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ 2022లో వెలువరించిన 36వ ప్రోటోకాల్ (చికిత్సా మార్గదర్శకం) ఈ ఆలోచనను తిరగేసింది. దాని ప్రకారం పాలనాళంలో ఒక ముద్ద అడ్డం పడి కూర్చోవడం అసలు సమస్య కాదు. నాళాల చుట్టూ ఉన్న కణజాలం వాచి, నీరు చేరి, సన్నని నాళాలను బయటి నుంచి నొక్కుతుంది. అలాంటి చోట గట్టిగా రుద్దితే చిన్న రక్తనాళాలు చితికి వాపు పెరుగుతుంది. వేడి తగిలితే అక్కడికి రక్తం ఎక్కువగా చేరుతుంది. ఇక పంపు సంగతి. పాలు ఎంత తీస్తే శరీరం అంత తయారుచేస్తుంది. బిడ్డ అవసరానికి మించి రోజూ తీస్తూ పోతే ఆ రొమ్ము ఇద్దరు బిడ్డలకు సరిపడా పాలు తయారుచేయడం మొదలుపెడుతుంది, ఒక్క పూట తీయడం ఆలస్యమైనా బిగుసుకుంటుంది.

ఈ ప్రోటోకాల్‌లోని కొన్ని సూచనలకు పెద్ద ప్రయోగాల కన్నా నిపుణుల అనుభవమే ఆధారం. అందుకే దాన్ని వేదవాక్కుగా తీసుకోను. కానీ ఈ కేసులో కథ మొత్తం దానికి అతికినట్టు సరిపోయింది. కష్టకాలానికని పాలు దాచుకోవడం మొదలుపెట్టారు, ఆ దాపుడే కష్టకాలాన్ని తెచ్చింది.

మొదటి నిర్ణయం: వెంటనే యాంటీబయాటిక్ ఇవ్వాలా?

జ్వరం ఉంది కాబట్టి ఇన్ఫెక్షన్ ఉందనుకోవడం సహజం. అయితే రొమ్ములో బాక్టీరియా లేకుండానే, కేవలం వాపు వల్ల కూడా చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. 24 గంటలు దాటినా తగ్గకపోతేనో, చర్మం మీద వేడి, ఎరుపు పాకుతూ పోతేనో బాక్టీరియా వైపు అనుమానం బలపడుతుంది. ఈమెకు 18 గంటలు గడిచాయి. కానీ ఆ 18 గంటలూ వాపును పెంచే పనులే జరిగాయి. సరైన ఉపచారం ఒక్కటీ ఇంకా మొదలు కాలేదు. నాడి, రక్తపోటు భయపెట్టే స్థితిలో లేవు, ఫోనులో అందుబాటులో ఉంటారు, మర్నాడు రాగలరు. ఈ నాలుగూ ఉన్నాయి కాబట్టి 24 గంటల గడువును అప్పటి నుంచి లెక్కపెట్టాలని నిర్ణయించాను. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ రోజే యాంటీబయాటిక్ మొదలుపెట్టేదాన్ని.

గడువును ఆమెతో కలిసే పెట్టుకున్నాం. “రేపు ఇదే వేళకు జ్వరం ఉన్నా, వేడి ఈ గీత దాటినా మందు వేసుకుంటారా?” అని అడిగాను. కాసేపు ఆలోచించి, “అప్పటికీ తగ్గకపోతే వేసుకుంటానండీ” అన్నారు. ఒప్పందం ముందే కుదరడం చాలా ముఖ్యం. జ్వరం, నిద్రలేమి, పక్కన ఏడుస్తున్న బిడ్డ ఉన్న అర్ధరాత్రి పూట ఏ తల్లికైనా కొత్తగా నిర్ణయం తీసుకునే ఓపిక ఉండదు.

ఉపచారం మాటకొస్తే, ఆమె కోరుకున్న సహజ మార్గంలో ఇవ్వదగినవి ఉన్నాయి, అవి పనిచేసేవే. గుడ్డలో చుట్టిన ఐస్ 10 నుంచి 15 నిమిషాలు, వీలైనన్నిసార్లు. బిడ్డ అడిగినప్పుడు రెండు వైపులా పాలు, అంతకుమించి పంపు వద్దు. బిగుతు లేకుండా రొమ్ముకు ఆసరా ఇచ్చే లోదుస్తులు. కాపడం, దువ్వెన పూర్తిగా బంద్. మూలికల పొడి ఆపడం. అది పాలు పెంచుతుందన్న రుజువు బలమైనదేమీ కాదు, కానీ పాలు ఎక్కువై బాధపడుతున్న మనిషికి దానితో పనేముంది? చల్లటి క్యాబేజీ ఆకులు పెట్టుకోవచ్చా అని అడిగారు. పెట్టుకోవచ్చన్నాను. అందులో మేలు చేసేది ఎక్కువగా చల్లదనమే అయినా, ఐస్ కన్నా ఆకు హాయిగా అనిపిస్తే దాన్ని వద్దనడానికి కారణం లేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా పట్టుబట్టాను: ఇబుప్రొఫెన్. అది యాంటీబయాటిక్ కాదు, నొప్పితో పాటు వాపును కూడా తగ్గిస్తుంది, తల్లిపాలలోకి చాలా కొద్దిగా మాత్రమే వెళుతుంది. పారాసిటమాల్‌కు జ్వరాన్ని తగ్గించే గుణం ఉంది కానీ వాపు మీద పెద్దగా పనిచేయదు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా, ఇలాంటి మాత్రలు పడకపోవడం లాంటివేవీ లేవని నిర్ధారించుకుని, 400 మిల్లీగ్రాములు, ఎనిమిది గంటలకోసారి, ఏదైనా తిన్నాక వేసుకోమన్నాను. తన శరీరం తనంతట తాను చేయాలనుకుంటున్న పనికి ఇది అడ్డు తొలగిస్తుందని చెబితే ఒప్పుకున్నారు.

వెంట వచ్చిన భర్త మంచి ఉద్దేశంతోనే ఒక మాట అన్నారు: “డీప్ ఫ్రిజ్‌లో పాలు ఉన్నాయిగా, ఈ రాత్రి నేను సీసాతో పడతాను, తను హాయిగా పడుకుంటుంది.” వద్దన్నాను. రాత్రంతా పాలివ్వకపోతే ఆ వాచిన రొమ్ము తెల్లారేసరికి రాయిలా అవుతుంది, ఆ బిగువు తగ్గడానికి మళ్లీ పంపు పట్టాల్సి వస్తుంది. అందుకు బదులు రాత్రి బిడ్డను తీసుకొచ్చి ఆమె పక్కన పెట్టడం, తాగాక తీసుకెళ్లి డైపర్ మార్చి పడుకోబెట్టడం ఆయన పని. పాలిచ్చేంతసేపూ తాను మేలుకుని ఉంటానని, ఆమె కునుకు తీస్తే బిడ్డను మంచం మీద వదిలేయకుండా తీసేస్తానని మాట ఇచ్చారు.

ఏది నిలబడలేదు

మర్నాడు చెప్పిన వేళకే వచ్చారు. ఇబుప్రొఫెన్ వేసుకున్నారు, పంపు ముట్టలేదు, దువ్వెన జోలికి పోలేదు. కానీ ఐస్ రాత్రి ఒక్కసారే పెట్టుకున్నారు. విశ్రాంతి అసలే లేదు. భర్త పొద్దున్నే డ్యూటీకి వెళ్లారు. పెద్దబిడ్డ ఒళ్లోకి ఎక్కుతుంటే ఐస్ పట్టుకుని పడుకోవడం ఎలా? పొయ్యి మీద వంట ఉంది, వాషింగ్ మెషీన్‌లో బట్టలు ఉన్నాయి.

‘విశ్రాంతి తీసుకోండి’ అన్న మాట వైద్యులు రోజుకు ఎన్నిసార్లు అంటారో లెక్కలేదు. ఖర్చు లేని సలహాలా కనిపిస్తుంది. నిజానికి దాని ఖరీదు ఇంకొకరి సమయం. ఆ ఇంకొకరు ఎవరో, ఏ వేళలో వస్తారో తేలకపోతే అది తల్లి మీద పడిన మరో పని మాత్రమే. చేయలేకపోయానని బాధపడడం దానికి అదనం.

జ్వరం 100.8. వేడి పెన్ను గీత దాటి చంక వైపు రెండు వేళ్ల వెడల్పు పాకింది. గడ్డ మెత్తబడి లోపల ద్రవం కదులుతున్నట్టు ఎక్కడా లేదు.

రెండో నిర్ణయం

ఒప్పందం ప్రకారం యాంటీబయాటిక్ వేళ వచ్చింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “నేను సరిగ్గా చేసుకోలేకపోయానండీ” అన్నారు. చేసినవాటిలో ఏవి పనిచేశాయో చూపించాను. నొప్పి సగానికి తగ్గింది, కమిలిన చోటు మానుతోంది, జ్వరం కొంచెం దిగింది. గీత దాటిందంటే బాక్టీరియా చేరి ఉండవచ్చు, అది ఆమె శ్రద్ధకు పెట్టిన పరీక్ష కాదు.

ఇలాంటి కేసుల్లో ఎక్కువగా కనిపించేది చర్మం మీద ఉండే స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా. పెన్సిలిన్ జాతి మందులకు అలర్జీ లేదని అడిగి తెలుసుకున్నాక సెఫలెక్సిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు నాలుగుసార్లు, పది రోజులకు రాశాను. పాత అనుభవం గుర్తుంది కాబట్టి కడుపు సంగతి ముందే మాట్లాడాను: విరేచనాలు పట్టుకుంటే సొంతంగా మందు ఆపకుండా నాకు ఫోను చేయాలి, మందు మార్చే వీలుంది. బిడ్డకు విరేచనం కొంచెం పలచబడవచ్చు, నోట్లో తెల్లటి పూత వస్తే చూపించాలి. పాలు ఆపాల్సిన పని లేదు. వాచిన వైపు పాలు బిడ్డకు హాని చేయవు, ఉన్నట్టుండి పాలు మాన్పిస్తే వాపు ఇంకా ముదురుతుంది.

పాల పరీక్ష (కల్చర్) ఆ రోజు పంపలేదు. మొదటిసారి వచ్చిన వాపులో దాని ఫలితం చికిత్సను మార్చడం అరుదు. 48 గంటల్లో మందుకు లొంగకపోయినా, మళ్లీ మళ్లీ వచ్చినా పంపాలని కేసు కాగితంలో రాసుకున్నాను.

పనిచేసిన ఏర్పాటు

ఎక్కువ సమయం వెచ్చించింది మందు మీద కాదు, ఇంటి పనుల మీద. భర్తను, ఫోనులో అత్తగారిని కలుపుకుని ఒక కాగితం మీద రోజును రాశాం. అత్తగారు బిడ్డను ఎత్తలేరు కానీ కూర్చుని పెద్దబిడ్డతో ఆడగలరు, కథలు చెప్పగలరు, తినిపించగలరు. ఇంతవరకు ఎవరూ ఆమెను అలా అడగలేదు, ‘ఆవిడకు మోకాళ్లు’ అన్న దగ్గరే ఆలోచన ఆగిపోయింది. భర్త రెండు రోజులు సెలవు పెట్టి, ఆ తరువాత షిఫ్టు మార్చుకున్నారు. బట్టలు ఉతకడం వారం వాయిదా. ఇల్లు తుడవడం కూడా.

ఐస్‌కు గడియారం పెట్టలేదు. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో గడియారం చెప్పినట్టు ఏదీ జరగదు. బిడ్డ పాలు తాగడం మాత్రం తప్పకుండా జరుగుతుంది. అందుకని ప్రతిసారీ పాలివ్వగానే బిడ్డను ఇంకొకరు తీసుకోవాలి, తరువాతి పావుగంట ఆమె ఐస్ పెట్టుకుని పడుకోవాలి అని నిర్ణయించాం. ఆ పావుగంట విశ్రాంతి అని ఎవరూ అనకూడదు, చికిత్స అనాలి అని పట్టుబట్టాను. ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తూ ఉండే మనిషికి ఊరికే పడుకోమంటే తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. చికిత్స అంటే చేయవలసిన పని, దాన్ని ఎవరూ మధ్యలో ఆపరు. ఈ చిన్న మార్పే మిగతావాటన్నిటికన్నా బాగా నిలిచింది.

రెండో రోజు చివరికి జ్వరం పూర్తిగా తగ్గింది. గీత లోపలికి వేడి వెనక్కి వచ్చింది. అయిదో రోజుకు నొప్పి దాదాపు లేదు, గట్టిదనం మాత్రం ఇంకా మిగిలి ఉంది. లోపల చీము చేరిందేమోనన్న సందేహం తీరాలని అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించాను. చీము గడ్డ ఉంటే సూదితో తీయాల్సి వస్తుంది, చేత్తో తాకి చూస్తే అది ప్రతిసారీ తెలియదు. స్కాన్‌లో నీరు చేరిన కణజాలమే కనిపించింది. మూడు వారాలకు గట్టిదనం మాయమైంది. అలా మాయం కాని గడ్డను ‘పాలగడ్డేలే’ అని వదిలేయకూడదు. పాలిచ్చే తల్లికి కూడా రొమ్ము క్యాన్సర్ రావచ్చు, ఆ అనుమానం పరీక్షతోనే తీరాలి.

కడుపు ఈసారి పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. పది రోజులూ మందు వాడారు.

తరువాత వచ్చిన చిక్కు

పంపును ఒక్కసారిగా మాన్పించిన ఆ మొదటి రెండు రోజుల్లో ఎడమ రొమ్ము బాగా బిగుసుకుంది. అందువల్ల మిగతా తగ్గింపును మెల్లగా నడిపాం. బిగువు ఓర్చుకోలేనప్పుడు మాత్రం హాయి అనిపించేంతవరకే చేత్తో కొద్దిగా తీయడం, ఆ తీసే మోతాదును రెండు మూడు రోజులకోసారి తగ్గించడం. రెండో వారం చివరికి పాలు బిడ్డ అవసరానికి సర్దుకున్నాయి.

ఈలోగా ఆమె మనసు ఎలా ఉందో చూడాలనిపించింది. నొప్పి, నిద్రలేమి, ‘చేసుకోలేకపోయాను’ అన్న మాట మూడూ కలిసినప్పుడు బాలింతల్లో వచ్చే కుంగుబాటును వెతకడం అవసరం. పది ప్రశ్నల ఎడిన్‌బరో స్కేలు నింపించాను. స్కోరు హద్దు దాటలేదు, తనను తాను గాయపరచుకోవడం గురించి అడిగే పదో ప్రశ్నకు సున్నా. అయినా ఆరు వారాలకు మళ్లీ అడగాలని గుర్తు పెట్టుకున్నాను. ఒకసారి మామూలుగా వచ్చిన స్కోరు ఎప్పటికీ అలాగే ఉండాలని లేదు.

నెల తరువాత ఒక బంధువుల ఇంటికి వెళ్లి, పగలంతా పాలివ్వడం ఆలస్యమై, అదే వైపు మళ్లీ నొప్పి, గట్టిదనం మొదలయ్యాయి. జ్వరం లేదు. ఈసారి ఆమె ఫోను చేసినది సలహా కోసం కాదు, చేసినది చెప్పడానికి. అప్పటికే ఐస్ పెట్టుకున్నారు, ఇబుప్రొఫెన్ వేసుకున్నారు, పెన్నుతో గీత గీసుకున్నారు, పెద్దబిడ్డను అత్తగారికి అప్పగించారు. “రేపు సాయంత్రం ఆరింటి దాకా చూస్తానండీ, గీత దాటితే వస్తాను” అన్నారు. మర్నాడు మధ్యాహ్నానికే తగ్గింది. మందులు లేకుండా నయం చేసుకోవాలన్న ఆమె కోరిక ఆ రెండోసారి నెరవేరింది. ఇబుప్రొఫెన్‌ను ఆమె ఇప్పుడు మందుల లెక్కలో వేయడం లేదు, నేనూ ఆ చర్చ పెట్టుకోలేదు.

ఈ కేసు తరువాత నేను అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఏం చేశారని అడగడం నాకు పాత అలవాటే. ఇప్పుడు ఆ ప్రశ్నను విడదీసి అడుగుతున్నాను: వేడి పెట్టారా, రుద్దారా, అదనంగా పాలు తీశారా, పాలు పెరగడానికి ఏమైనా తీసుకుంటున్నారా? ఈ నాలుగింటిలో ‘అవును’ ఎన్ని ఉంటే, ఆపించడంతోనే తగ్గే అవకాశం అంత ఎక్కువ. లెసిథిన్ (ఒక రకం కొవ్వు పదార్థం) గుళికల గురించీ, ప్రోబయాటిక్స్ (మేలు చేసే బాక్టీరియా ఉన్న గుళికలు) గురించీ తల్లులు తరచూ అడుగుతారు. ప్రోటోకాల్‌లో వాటి ప్రస్తావన ఉంది, ఆధారం మాత్రం పలుచన. వాడతామంటే కాదనను. వాటిని నమ్ముకుని గడువు దాటనివ్వను.

పాలిచ్చిన మరుక్షణం బిడ్డను ఎవరు ఎత్తుకుంటారు అన్నది రెండో ప్రశ్న. దీనికి జవాబుగా ఒక మనిషి పేరు రాకపోతే, ఐస్, విశ్రాంతి చీటీ మీద ఉన్నా జరగవని లెక్కవేసుకుని, మర్నాడు పిలవాల్సిన వాళ్లను ఆ సాయంత్రానికే ఫోనులో పలకరిస్తాను. ఇంట్లో ఎవరూ లేని తల్లికి ఈ కేసులోలా 24 గంటలు ఎదురుచూసే వెసులుబాటు ఇవ్వను. ఒంటరిగా ఉన్న మనిషిలో పరిస్థితి విషమిస్తే గమనించేవాళ్లు ఉండరు.

ఎవరున్నా లేకున్నా కొన్ని లక్షణాల దగ్గర ఇంటి ఉపచారం ఆ నిమిషంలోనే ఆగాలి: ఆగని వణుకు, కూర్చున్నా గుండె దడదడలాడడం, లేవబోతే కళ్లు తిరిగి పడిపోవడం, మాట తడబడడం, మూత్రం బాగా తగ్గడం. అవి రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్ గుర్తులు కావచ్చు. అప్పుడు గీత, గడువు, ఒప్పందం ఏవీ వర్తించవు. అలాంటప్పుడు నా దగ్గరికి కాకుండా నేరుగా ఆస్పత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలని ఆమెకిచ్చిన కాగితం మొదటి వరుసలోనే రాసి, కింద గీత గీసి ఇచ్చాను. భర్త దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించారు.